ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ చేస్తానంటోంది మా అమ్మాయి, పంపొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చేసి, తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఏదో సెమినార్‌లో విని వచ్చి, డీఎన్ఏ మీదా మందుల అణువుల మీదా ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీతో రీసెర్చ్ చేస్తానంటోంది. ఆ కోర్సు ఎక్కడుంది? ఉద్యోగం వస్తుందా? ఇంట్లో వాళ్లు బీఈడీ చేయించమంటున్నారు.

జవాబు: ఆ పేరుతో కోర్సు వెతక్కండి, దొరకదు. అది డిగ్రీ కాదు, ఫిజికల్ కెమిస్ట్రీలో ఒక పరిశోధన పద్ధతి. కాబట్టి మీరు చూడాల్సింది మంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆ తర్వాత పీహెచ్‌డీ.

మీ అమ్మాయికి అందులో ఏం నచ్చిందో మీకు తెలియాలి. అణువు మీద శక్తి తెలిసిన కాంతి వేస్తే ఎలక్ట్రాన్ బయటికొస్తుంది. దాని వేగాన్ని బట్టి, అది లోపల ఎంత గట్టిగా కట్టుబడి ఉందో లెక్క తేలుతుంది. హీలియం దీపం కాంతి శక్తి 21.2 ఎలక్ట్రాన్ వోల్టులు. డీఎన్ఏకు అక్షరాల్లాంటి నాలుగు బేస్‌లలో ఒకటైన గ్వానిన్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ దగ్గర సుమారు 13 ఉందంటే, దాన్ని పీకడానికి 8.2 ఖర్చయిందన్నమాట. ఆ నాలుగింటిలో అన్నిటికంటే తేలిగ్గా ఎలక్ట్రాన్‌ని వదులుకునేది గ్వానినే. ఆక్సీకరణ వల్ల డీఎన్ఏ దెబ్బతినేటప్పుడు ముందుగా దానికే ఎందుకు తగులుతుందో ఇక్కడ తెలుస్తుంది. ఈ రంగానికి పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త కాయ్ సీగ్‌బాన్‌కు 1981లో నోబెల్ వచ్చింది. జీవాణువులతో చిక్కేమిటంటే, చాలావాటిని ఆవిరి చేయబోతే వేడికి విరిగిపోతాయి. అందుకే ఇప్పుడు వాటిని నీళ్లలో కరిగించి, వెంట్రుకకంటే సన్నని ధారగా వ్యాక్యూమ్‌లోకి వదిలి కొలుస్తున్నారు. ఇంత అందమైన పని మీద ఆడపిల్లకు మనసు పడిందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక అసలు టెన్షన్ మ్యాథ్స్‌తోనే. ఇక్కడ బయాలజీకంటే క్వాంటమ్ కెమిస్ట్రీ ఎక్కువ అవసరం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కెమిస్ట్రీ పేపర్లో కాస్త మ్యాథ్స్ కూడా ఉంటుంది. కొన్ని సంస్థలు ఇంటర్‌లో మ్యాథ్స్ చదివి ఉండాలంటాయి, అప్లై చేసేముందే ఆ షరతులు చూసుకోండి. ఏపీ పీజీసెట్ రాస్తే ఎస్వీ యూనివర్సిటీ ఉండనే ఉంది. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ రెండూ మీకు దగ్గరే. ప్రాజెక్టు కోసం అక్కడి ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాయడానికి మొహమాటపడొద్దని చెప్పండి.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. జీవాణువుల మీదే పనిచేయాలంటే పీహెచ్‌డీ తప్పదు, ఆ తర్వాత కొన్నాళ్లు విదేశాలకు వెళ్లాల్సి రావచ్చు. మన దేశంలో సింక్రోట్రాన్ కాంతి (ఎలక్ట్రాన్లను మహా వేగంతో తిప్పి పుట్టించే తీవ్రమైన కాంతి) కావాలంటే ఇండోర్‌లోని ఇండస్-2 యంత్రం దగ్గరికి వెళ్లాలి. అయితే ఇదే పద్ధతిలో ఎక్స్-రే రకం, అంటే ఎక్స్‌పీఎస్, నేర్చుకున్నవాళ్లకు సెమీకండక్టర్లు, బ్యాటరీలు, కెటలిస్టుల వైపు కూడా దారి ఉంటుంది. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్, పైగా హెచ్‌ఆర్‌ఏ. అక్కడి నుంచి చదువు ఖర్చు మీ మీద పడదు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు, ఇప్పుడే తొందరపడకండి.

అప్లికేషన్ పెట్టేముందు మీ అమ్మాయి చేత ఒక పని చేయించండి. నీటి అణువు ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రమ్‌లో హీలియం దీపంతో మూడు బ్యాండ్లు కనిపిస్తాయి. ఏ బ్యాండ్ ఏ ఆర్బిటాల్‌దో (అణువులో ఎలక్ట్రాన్ ఉండే చోటుదో) బొమ్మ గీసి, వాళ్ల లెక్చరర్‌కు వివరించమనండి. ఆ పనిలో పడి టైమ్ మరిచిపోతే జామ్ ఫీజు కట్టేయండి. రెండో రోజుకే విసుగొస్తే ఎమ్మెస్సీలో ఆర్గానిక్ తీసుకుని ఫార్మా వైపు వెళ్లడం మేలు.