డ్రమ్ము లేత్‌కి పంపే ముందు

చిరంజీవి శ్రీనుకి, మావయ్య దీవెనలు.

ఘాట్ దిగొచ్చిన లారీ బ్రేక్ డ్రమ్ములో సన్నటి గీతలున్నాయి, లేత్ మీద ఓ కోత పెట్టిస్తే సరిపోతుందా అని అడిగావు. గోరుతో తడిమి చూశావా? గోరుకి తగలకుండా పైపైన వలలా ఉంటే భయం లేదు. గోరు పట్టినా, ఒక్క గీతయినా అంచుదాకా పాకినా అది తుక్కే. ఓనరు ఎంత బతిమాలినా బిగించకు.

లోడుబండి దోర్నాల ఘాట్ దిగుతుంటే బ్రేకు లైనర్లు రాసుకునే డ్రమ్ము లోపలి పొర ఇట్టే కాగిపోతుంది. అది సాగాలని చూస్తుంది, వెనకున్న మందం ఇంకా అంత కాగలేదు కాబట్టి సాగనివ్వదు. దాంతో పైపొర అక్కడే నలుగుతుంది. బ్రేకు మీంచి కాలు తీశాక చల్లారేటప్పుడు ఆ నలిగిన పొర మీదే లాగుడు పడుతుంది. డ్రమ్ము పోసే కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) నొక్కుడుకి బాగా ఓర్చుకుంటుంది గానీ, లాగుడుకి ఆగేది అందులో మూడో వంతో నాలుగో వంతో. దానిలోని 3 శాతం పైచిలుకు కార్బన్ చాలావరకు గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. లాగుడు పడితే పగులు మొదలయ్యేది ఆ రేకుల కొనల దగ్గరే. అయితే వేడిని త్వరగా లాగేసేవీ ఆ రేకులే, అందుకే డ్రమ్ములకి ఇప్పటికీ ఈ లోహమే.

పదేపదే 550 డిగ్రీలు దాటి కాగితే ఇంకో తంటా. లోహానికి బలమిచ్చే పెర్లైట్ అనే లోపలి అమరిక విడిపోయి మెత్తటి ఇనుము, గ్రాఫైట్ అవుతాయి. లోహం ఉబ్బుతుంది, రేకుల వెంట గాలి చొరబడి లోపల్లోపలే తుప్పు పడుతుంది. రైసుమిల్లు బాయిలర్లో మంట కింద ఉండే గ్రేట్ కడ్డీలు వంకర్లు పోయేది ఇలాగే.

నీలి మచ్చలుంటే మరీ జాగ్రత్త. అక్కడ 727 డిగ్రీలు దాటి కాగింది, చుట్టూ ఉన్న లోహం ఆ వేడిని గబుక్కున గుంజుకుంది. కాల్చి నీళ్ళలో ముంచిన ఉలిలా ఆ చోటు గట్టిపడి, పెళుసెక్కుతుంది. లేత్ టూలు దాని మీద జారిపోతుంది. కొత్తలో నేను అలాంటి డ్రమ్మే కోయించి, నున్నగా వచ్చిందని మురిసి బిగించాను. నెల తిరక్కముందే అదే ఘాట్‌లో చీలింది. డ్రైవరు కింది గేర్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడే.

డ్రమ్ముని కొక్కేనికి వేలాడదీసి సుత్తితో తట్టు. ఖంగుమనాలి, మొద్దుగా పలికితే పక్కన పెట్టు. కోత పెట్టిస్తే డ్రమ్ము మీద పోతలోనే వేసిన గరిష్ఠ వ్యాసం దాటనివ్వకు, పల్చబడ్డది ఇంకా తొందరగా కాగుతుంది. మారిస్తే ఆ యాక్సిల్‌కి రెండువైపులా మార్చు. ఘాట్ దిగగానే డ్రమ్ముల మీద నీళ్ళు కొట్టొద్దని డ్రైవరుకి గట్టిగా చెప్పు.

ఆ పాతది తుక్కువాడికి ఇవ్వకు. ఆదివారం వస్తాను, పగలగొట్టి తుప్పు ఎంత లోతుకి దిగిందో చూద్దాం.

మీ మావయ్య