ఫ్యాషన్ ఫొటో మీద మూడు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బొటిక్ నడుపుతున్నాను. వయసు 41. వచ్చే నెల మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేతికొస్తుంది. ఫ్యాషన్ ఫొటోగ్రఫీ అంటే నాకు ప్రాణం. పేరున్న ఫొటోగ్రాఫర్ సంతకం చేసిన ప్రింటు ఇప్పిస్తానని, ఐదేళ్లలో ధర రెట్టింపవుతుందని ఒక ఏజెంటు అంటున్నాడు. ఏనుగుల మధ్య నిలబడ్డ మోడల్ ఫొటో కోట్లు పలికిందని కూడా చెప్పాడు. మావారేమో బంగారం కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఏనుగుల ఫొటో గురించి ఏజెంటు చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. అది రిచర్డ్ అవెడాన్ అనే ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ 1955లో పారిస్‌లో డోవిమా అనే మోడల్‌ని తీసిన ఫొటో. 2010లో పారిస్ క్రిస్టీస్ వేలంలో 8 లక్షల 41 వేల యూరోలు పలికింది. కొన్నదెవరో తెలుసా? డియోర్ ఫ్యాషన్ సంస్థ. ఆమె ఒంటి మీదున్న గౌను వాళ్లదే మరి. పైగా అమ్ముడుపోయింది 1978లో అవెడాన్ ఎగ్జిబిషన్ కోసం వేసిన భారీ ప్రింటు. ఆ ధర చూపించి మీకు ప్రింటు అమ్మడం, లాటరీ తగిలినవాడి ఫొటో పెట్టి టికెట్లు అమ్మడం లాంటిదే.

ఈ వ్యాపారంలో ధర బొమ్మకు కాదు, ఆ ఒక్క ప్రింటుకు. అందుకే డబ్బు కట్టేముందు గట్టిగా అడగండి. ప్రింటు మీద 3/25 అని, అంటే 25 ప్రింట్లలో మూడోదని ఉంటే, ఆ 25 ఒక్క సైజుకేనా, అన్ని సైజులకూ కలిపా? ఇదే ఫొటో పెద్ద సైజులో ఇంకో పది, చిన్న సైజులో ఇంకో యాభై వేస్తే మీ దగ్గరున్నది అరుదైనదేం కాదు. ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, అంటే ఆ లెక్కలో చేరని, ఫొటోగ్రాఫర్ తన కోసం ఉంచుకునే ప్రింట్లు ఎన్ని? ప్రింటు వేసింది ఏ సంవత్సరం? హోర్స్ట్ అనే ఫొటోగ్రాఫర్ 1939లో తీసిన కార్సెట్ ఫొటోకి దశాబ్దాల తర్వాత వేసిన ప్రింట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఫొటో తీసిన ఏడాది చెప్పి, ప్రింటు వేసిన ఏడాది దాచేవాళ్లు ఉంటారు. ఏ కాగితం, ఏ ఇంకు అన్నది కూడా బిల్లులో రాయించండి. మామూలు కలర్ ప్రింట్లు ఎండ తగిలితే వెలిసిపోతాయి.

ఇక లెక్క చూద్దాం. మూడు లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఐదేళ్లలో సుమారు 4 లక్షల 20 వేలు. ప్రింటు అమ్మి అంతే చేతికి రావాలంటే, అమ్మకం కమిషన్ 15 శాతం అనుకున్నా, దాదాపు 4 లక్షల 95 వేలకు అమ్ముడుపోవాలి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు అదనం. అసలు కొనేవాడు దొరకాలి కదా! బంగారమైతే గవర్నర్‌పేటలో సాయంత్రానికల్లా డబ్బవుతుంది. మీవారి మాటలో పసుంది, నాకు నగల మీద పెద్ద మోజు లేకపోయినా.

మన ఊరి సంగతీ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. గ్రౌండ్ ఫ్లోర్ షాపులో గానీ, చెమ్మ ఎక్కే గోడ మీద గానీ తగిలించకండి. ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే, కళాఖండాలకు ముందే ఒప్పుకున్న విలువకు అదనపు కవర్ ఉంటుంది, అది అడిగి తీసుకోండి. ఫ్రేములో ఫొటోకి వాడే యాసిడ్ లేని అట్ట (మౌంటు), ఎండ నుంచి కాపాడే యూవీ గ్లాసు ఖర్చునూ ప్రింటు ధరలోనే కలుపుకోండి.

నా సలహా: ముందు బొటిక్‌కి ఆరు నెలల అద్దె, జీతాలు పక్కన పెట్టండి. అది ఇప్పటికే ఉంటే, మూడు లక్షల్లో 60 వేలు దాటకుండా, రోజూ చూసి ఆనందించే ఒక్క ప్రింటు, ఏజెంటు ద్వారా కాకుండా గ్యాలరీలోనో, ఫొటోగ్రాఫర్ దగ్గరే నేరుగానో కొనండి. అది పెట్టుబడి కాదు, మీ సరదా ఖర్చు. మిగిలింది మళ్లీ డిపాజిట్‌లోనో, మీవారి మాట విని కొంత బంగారంలోనో పెట్టండి. ఆ రెట్టింపు మాట మటుకు, ఏ తేదీకి ఎంతకు తిరిగి కొంటాడో స్టాంపు పేపరు మీద రాసివ్వమని ఏజెంటుని అడగండి. నాకు తెలిసి ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడు.