పాత జెన్‌లో విరిగిన స్విచ్చులు: ఏది అతకాలి, ఏది మార్చాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1999లో కొన్న మారుతీ జెన్‌ను ఇప్పటికీ నేను నడుపుతున్నాను. ఇంజిన్ బాగానే ఉంది. కానీ ఏసీ బటన్ నొక్కితే లోపలే ఉండిపోతోంది, హజార్డ్ బటన్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది) పట్టి ఉంచే చెవి విరిగి ఊగుతోంది, రాత్రి గంటసేపు నడిపితే స్టీరింగ్ దగ్గరి హెడ్‌లైట్ల కాంబినేషన్ స్విచ్ వేడెక్కి కాలిన వాసన వస్తోంది. దుకాణాల్లో కొత్తవి రావడం లేదంటున్నారు. ఇవి ఎక్కడ దొరుకుతాయి? అతికించుకుంటే నిలుస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో మొదట చూడవలసింది మూడోది. కాలిన వాసన వచ్చే స్విచ్‌ను అతికించే ఆలోచన పెట్టుకోకండి, అది బాగయ్యేదాకా రాత్రి ప్రయాణాలు మానుకోండి. 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55) బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర సుమారు 9 నుంచి 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును నడిపే విద్యుత్ స్విచ్) లేని వైరింగులో అదంతా స్విచ్ లోపలి చిన్న రాగి రేకుల మీదుగానే పోవాలి. ఆ రేకులు అరిగి నల్లబడితే అక్కడ వేడి పుట్టి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి కుంగిపోతుంది. వెలుగు చాలడం లేదని ఎవరైనా 100/90 వాట్ల బల్బులు వేసి ఉంటే కరెంటు 15 నుంచి 17 ఆంపియర్ల దాకా పోతుంది కాబట్టి, ముందు వాటిని తీయించండి. స్విచ్ మార్చి, హెడ్‌లైట్లకు రిలేలు వేయించండి. అప్పుడు స్విచ్ మీద రిలేను పనిచేయించేంత కొద్దిపాటి కరెంటే పడుతుంది. రిలే లేకుండా కొత్త స్విచ్ ఒక్కటే వేస్తే మళ్లీ ఇదే వాసన మీ ముక్కుకు తగులుతుంది.

ఏసీ బటన్‌ది బాల్‌పెన్ను వంటి ఏర్పాటు. ఒకసారి నొక్కితే లోపల నిలవడానికి, మరోసారి నొక్కితే బయటికి రావడానికి సన్నని తీగ ఒకటి గుండె ఆకారపు గాడిలో తిరుగుతూ ఉంటుంది. తీగ వంగినా, గాడిలో దుమ్ము, ఎండిన గ్రీజు పేరుకున్నా బటన్ ఇరుక్కుంటుంది. చాలాసార్లు శుభ్రం చేస్తే చాలు, కొత్తది అక్కర్లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పిన తరువాతే స్విచ్ బయటికి తీయండి. దాన్ని పారదర్శకమైన పాలిథీన్ సంచిలో పెట్టి, చేతులు కూడా లోపలే ఉంచి విప్పండి. మూత ఊడిన క్షణాన ఎగిరే స్ప్రింగును సీటు కింద వెతకడం ఎంత శ్రమో ఒకసారి అనుభవించినవారికే తెలుస్తుంది. ఇంకొక మాట: పాతికేళ్ల ప్లాస్టిక్ చలికి పెళుసుగా ఉంటుంది కనుక ఈ పని తెల్లవారుజామున కాక, కారు కాస్త వెచ్చబడ్డాక చేయండి. స్క్రూడ్రైవర్‌కు బదులు గుడ్డ చుట్టిన చెక్క పుల్ల వాడితే డాష్‌బోర్డు మీద గాట్లు పడవు.

హజార్డ్ బటన్ చెవిని మాత్రం అతకవచ్చు, అయితే అది ఏ ప్లాస్టిక్కో ముందు తెలియాలి. వెనుక ఏబీఎస్ అనో పీపీ (పాలీప్రొపిలీన్) అనో ప్లాస్టిక్ రకం పేరు అచ్చు ఉందేమో చూడండి. లేకపోతే విరిగిన పెచ్చును నీళ్లలో వేయండి. తేలితే అది పాలీప్రొపిలీన్ అయ్యే అవకాశం ఎక్కువ, దానిపై మామూలు జిగురేదీ నిలవదు. ఏబీఎస్ అయితే మునుగుతుంది. మునిగినంత మాత్రాన ఏబీఎస్ అనుకోకూడదు, నైలాన్ కూడా మునుగుతుంది. కాబట్టి కనపడని మూలన ఎసిటోన్ (ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం) చుక్క వేసి చూడండి. జిగటగా మారితే అది ఏబీఎస్; అప్పుడు పనికిరాని ఏబీఎస్ ముక్కలను గాజు సీసాలో ఎసిటోన్ పోసి రాత్రంతా నానబెట్టండి. తేనెలా చిక్కబడ్డ ఆ ముద్దతో చెవిని నిలబెట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, బ్లేడుతో చెక్కుకోవచ్చు. ఎసిటోన్ త్వరగా నిప్పంటుకునే ద్రవం, పైగా బటన్ మీది బొమ్మను చెరిపేస్తుంది. ఫెవిక్విక్ వంటివి వద్దనడానికి నాకు రెండు కారణాలున్నాయి. నల్ల ప్లాస్టిక్ చుట్టూ తెల్లని పొర కడుతుంది. అది పోనిద్దామన్నా, ఒక చుక్క లోపలికి జారి రాగి రేకుల మీద ఆరితే బాగున్న స్విచ్ కూడా పనికిరాకుండా పోతుంది.

ఇక దొరికే చోట్లు. మీకు దగ్గరలో విజయవాడ ఆటోనగర్ ఉంది, అక్కడ లేకపోతే సికింద్రాబాదు రాణిగంజ్, చెన్నై పుదుపేట చూడండి. పుదుపేటలో విప్పిన కార్ల సామాను దొరుకుతుంది. ఫోటో ఒక్కటే చూపి అడగకండి. స్విచ్ వెనుక అచ్చు వేసిన నంబరు, కప్లర్‌లోని (తీగలు తగిలించే ప్లగ్గులోని) పిన్నుల లెక్క రాసుకుని వెళ్లండి, ఎందుకంటే ముఖం ఒకేలా ఉండి లోపలి వైరింగు వేరుగా ఉండే స్విచ్చులు తరచు తగులుతాయి. జెన్ యూరప్‌కు సుజుకీ ఆల్టో పేరుతో ఎగుమతి అయింది కనుక, బ్రిటన్‌లో మీ బంధువులెవరైనా ఉంటే అక్కడి పాత కార్ల సామాను దుకాణాల్లో ఆ పేరు చెప్పి అడగమనండి.

ప్రశ్న: ఊడిపోయిన ఫ్యాన్ నాబ్‌ను త్రీడీ ప్రింటింగ్‌లో చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: చేయించుకోవచ్చు, కానీ తక్కువ ధరకు చేసేవారు ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో వద్దు. అది సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. ఏఎస్‌ఏ లేదా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేయమనండి. నాబ్ సాధారణంగా పగిలేది ఇరుసు దూరే రంధ్రం దగ్గరే కాబట్టి, అక్కడి గోడను పాతదానికన్నా ఒక మిల్లీమీటరు మందంగా గీయించండి.