ముహూర్తం మనది, హాల్ ఇంకొకరిదైతే

ప్రశ్న: మాది గాజువాక. ఈ కార్తీకమాసంలో మా చెల్లి పెళ్లి. నాన్నగారికి ఒంట్లో బాగుండక పనులన్నీ నా మీద పడ్డాయి. మధురవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడుకుని లక్ష రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాం. యాభై వేలు నేను మేనేజరు నంబరుకు యూపీఐలో పంపాను, యాభై వేలు నాన్న చేత్తో ఇచ్చారు. నాన్న పేరు మీద ఇచ్చిన రసీదులో యాభై వేలే రాశారు. దాని కింద 'అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు' అని అచ్చు వేసి ఉంది. శుభలేఖలు పంచడం మొదలుపెట్టాక మేనేజరు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ తేదీ పొరపాటున ఇంకొకరికి కూడా ఇచ్చారట. మూడు రోజుల తర్వాతి తేదీకి మార్చుకోవాలట, లేదంటే సీజన్ అయ్యాక 'మీ లక్ష మీకు ఇచ్చేస్తాం' అన్నాడు. ముహూర్తం ఎలా మార్చుకుంటాం? మా డబ్బు, దాని వల్ల పడే అదనపు ఖర్చు రాబట్టుకోగలమా? వంటవాళ్ళకూ, డెకరేషన్ వాళ్ళకూ, ఫొటోగ్రాఫర్‌కూ ఇలాగే నోటిమాట మీద అడ్వాన్సులు ఇచ్చాం. ఆ కాగితాలన్నీ ఎలా పెట్టుకోవాలి? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఒక ధైర్యం చెప్తాను. మేనేజరు పెట్టిన ఆ వాయిస్ మెసేజ్ మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం. తేదీ మీకు ఇచ్చిన మాట నిజమేనని, దాన్నే ఇంకొకరికి కూడా ఇచ్చామని అందులో అతనే ఒప్పుకున్నాడు. 'మీ లక్ష' అన్నాడు కాబట్టి రసీదులో లేని ఆ యాభై వేలు కూడా ముట్టినట్టే. దాన్ని చెరిపేయకండి. వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే తీసేయండి. ఆ చాట్ మొత్తాన్ని ఈమెయిల్‌కు పంపుకుని దాచండి. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని ఫోన్ మార్చేయకండి, కేసు తేలేదాకా అసలు ఫోన్ ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్‌లోని రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక సర్టిఫికెట్ కూడా జతచేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం పట్టింపులు సివిల్ కోర్టులో ఉన్నంత గట్టిగా ఉండవు. అయినా అసలు ఫోన్ మన దగ్గర ఉంటే అవతలి వాళ్ళు కాదనడం కష్టం.

ఇక రసీదు కింది ఆ అచ్చు వాక్యం. దాన్ని చూసే చాలామంది ఆశ వదులుకుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. 'తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు మీరు పెళ్లి రద్దు చేసుకుంటే వాళ్ళు చూపించుకోవడానికి పెట్టుకున్నది. మాట తప్పింది వాళ్ళే అయినప్పుడు అది వాళ్ళను కాపాడదు. అసలు కస్టమరే మానుకున్నా, వాళ్ళకు నష్టమే జరగనప్పుడు అడ్వాన్స్ మొత్తం మింగేయడం కుదరదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 74వ సెక్షన్ న్యాయమైన పరిహారం వరకే ఒప్పుకుంటుంది. 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది.

ఈరోజే చేయాల్సిన పని ఒకటి ఉంది. మేనేజరుకు రాతపూర్వకంగా మెసేజ్ పెట్టండి. ఏ హాలు, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలదాకా, ఎప్పుడు ఎంత ఇచ్చారు, అతను ఏ రోజు ఏం చెప్పాడు, ఇవన్నీ అందులో ఉండాలి. తేదీ మార్పుకు మేం ఒప్పుకోవడం లేదని తేటగా రాయండి. ఈ మాట ఎందుకంటే, మొహమాటానికి 'సరే, చూస్తాం అన్నయ్యా' అని పెట్టిన జవాబో, బొటనవేలి బొమ్మో రేపు కొత్త తేదీకి ఒప్పుకున్నట్టు లెక్కలోకి రావచ్చు. పాత ఒప్పందం స్థానంలో కొత్తది వచ్చిందంటే పాతదాని మీద నష్టపరిహారం అడగడం కష్టం. కాంట్రాక్ట్ చట్టం 62వ సెక్షన్ చెప్పేది అదే.

తర్వాత ఇంకో హాల్ వెతకండి, ఆలస్యం చేయకండి. నష్టం జరిగినవాళ్ళు దాన్ని తగ్గించుకోవడానికి తమ వంతు ప్రయత్నం చేశారా అని అదే చట్టం 73వ సెక్షన్ కింద చూస్తారు. ఇంచుమించు అంతే మంది పట్టే, అదే స్థాయి హాల్ తీసుకుంటే అద్దెలో తేడా మొత్తాన్ని మీరు అడగొచ్చు. మధురవాడలో మామూలు హాల్ పోయిందని బీచ్ రోడ్డులో స్టార్ హోటల్ బుక్ చేస్తే ఆ తేడా ఎవరూ ఇప్పించరు. నాలుగైదు చోట్ల అడిగి, రేట్లు మెసేజ్‌లో తెప్పించుకుని దాచండి. శుభలేఖలు మళ్ళీ అచ్చు వేయించిన బిల్లు, బంధువులకు వేదిక మారిందని తెలియజేయడానికి అయిన ఖర్చు, విడిది మార్పు వల్ల పడిన బస్సు కిరాయి కూడా నష్టంలోకే వస్తాయి, బిల్లు ఉంటే.

ఆ హాల్ మీకే ఇవ్వాలని కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వెళ్ళవద్దనే నా సలహా. అవతల కూడా ఒక ఆడపిల్ల పెళ్లి ఉంది, వాళ్ళూ డబ్బు కట్టినవాళ్ళే. ముహూర్తం ఇంత దగ్గరలో ఉండగా కోర్టు చుట్టూ తిరిగితే ఇంట్లో టెన్షన్ తప్ప మిగిలేది తక్కువ. పెళ్లి ఇంకో చోట చేసుకోండి, డబ్బు సంగతి చట్టం ద్వారా తేల్చుకోండి. పోలీసు కేసు కూడా అంతే. మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాడు. మోసం కేసు నిలబడాలంటే డబ్బు తీసుకునేటప్పుడే దురుద్దేశం ఉండాలి. తనది కాని హాల్‌కు అడ్వాన్సులు వసూలు చేసి ఉంటేనో, తెలిసి తెలిసి ఒకే తేదీని నలుగురికి అమ్మి ఉంటేనో అప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వండి.

డబ్బుకు దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, దానికి ఖర్చేమీ లేదు. కొందరు ఆ దెబ్బకే దిగివస్తారు. రాకపోతే పదిహేను రోజుల గడువుతో నోటీసు రాసి, అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల దాకా ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంది కాబట్టి పెళ్లి పనుల మధ్యలో కంగారుగా వేయాల్సిన పని లేదు. మీరు నివసించే చోట కూడా వేయొచ్చు. పెళ్లికొడుకు వాళ్ళది శ్రీకాకుళమో విజయనగరమో అయి, రిసెప్షన్ హాల్ విషయంలో వాళ్ళకు ఇలాంటి కష్టమే వస్తే వాళ్ళ జిల్లాలోనే వేసుకోవచ్చు. అడ్వాన్సు, దాని మీద వడ్డీ, అదనపు ఖర్చు, పడిన మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు, అన్నీ అడగండి. రసీదు నాన్నగారి పేరున ఉంది, సగం డబ్బు మీ ఖాతా నుంచి వెళ్ళింది కాబట్టి ఫిర్యాదు ఇద్దరి పేర్లతో వేయండి.

ఈలోగా మేనేజరు లక్ష పట్టుకొచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టమనవచ్చు. డబ్బు తీసుకోండి. కానీ 'ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న మాట ఉంటే సంతకం పెట్టకండి. 'అడ్వాన్సు మాత్రమే ముట్టింది, మిగతా నష్టపరిహారం అడిగే హక్కు వదులుకోవడం లేదు' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.

ఇప్పుడు మిగతా వాళ్ళ సంగతి. పెళ్లి మాటలన్నీ నమ్మకం మీద నడుస్తాయి, అందులో తప్పేం లేదు. నోటిమాట ఒప్పందం కూడా చట్టం దృష్టిలో ఒప్పందమే. చిక్కల్లా దాన్ని రుజువు చేసేటప్పుడే. అందుకని అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్న ఇప్పుడే రాయించుకోండి. స్టాంపు కాగితం, నోటరీ ఏమీ అక్కర్లేదు. మాట్లాడుకున్నదంతా ఒక పేజీలో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరొక కాపీ ఉంచుకుంటే చాలు. అదీ కుదరకపోతే మీరే వివరాలు మెసేజ్ చేసి 'సరేనా అండీ?' అని అడగండి, వాళ్ళు 'సరే' అంటే అదే ఒప్పందం.

క్యాటరింగ్ వాళ్ళతో గొడవ ఎప్పుడూ ప్లేట్ల లెక్క దగ్గరే వస్తుంది. ఎన్ని ప్లేట్లకు మాట, తగ్గితే కనీసం ఎన్నిటికి డబ్బు ఇవ్వాలి, పెరిగితే అదనపు ప్లేటు ఎంత, లెక్క ఎవరు పెడతారు, ఐటెమ్‌లు ఏవి, మంచినీళ్ళ సీసాలు అందులో కలిశాయా, ఇవి రాయండి. రాత్రి ముహూర్తమైతే మర్నాడు పొద్దున టిఫిన్లు ఎవరి లెక్క అన్నదీ రాయండి. కొత్త హాల్ విషయంలో తాళం ఎన్ని గంటలకు ఇస్తారు, కరెంటు యూనిట్ లెక్కా, జనరేటరు డీజిల్ ఎవరిది, బయటి వంటవాళ్ళను, డెకరేషన్ వాళ్ళను రానిస్తారా, గదులు ఎన్ని, ఇవి అడగాలి. ఇంకో ముఖ్య విషయం, హాల్ ఎవరిది? చాలా హాళ్ళు లీజు మీద నడుస్తాయి. రసీదు మీద యజమాని లేదా లీజుదారు పేరు, చిరునామా ఉండాలి. మేనేజరు సొంత నంబరుకు డబ్బు పంపాల్సి వస్తే, అది హాల్ అడ్వాన్స్‌గా ముట్టిందని హాల్ పేరుతో మెసేజ్ తెప్పించుకోండి.

ఫొటోగ్రాఫర్ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద హక్కు మీదే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. చెల్లి ఫొటోలను తన వ్యాపారం కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే అతను మిమ్మల్ని అడగాలి. కాబట్టి అతనిచ్చే ఫారంలో చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టకండి. ఆల్బం ఎప్పుడిస్తాడో తేదీ రాయించి, ఆఖరి విడత డబ్బు అది చేతికొచ్చాకే ఇవ్వండి.

కార్తీకమంటే మన తీరానికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో మీరూ చూసే ఉంటారు. హాల్ కప్పే ఎగిరిపోతే ఎవరినీ తప్పుపట్టలేం. అలా జరపడమే అసాధ్యమైతే కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్ కింద ఒప్పందం రద్దవుతుంది, 65వ సెక్షన్ కింద తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. కానీ వంటవాడు అప్పటికే సరుకులు కొని ఉంటే ఆ ఖర్చు ఎవరిదన్న పేచీ వస్తుంది. బీచ్ దగ్గర ఆరుబయట లాన్ తీసుకున్నవాళ్ళు దీన్ని ముందే తేల్చుకోవాలి. తుఫాను హెచ్చరిక వస్తే లోపల హాల్ ఇస్తారా, తేదీ జరుపుతారా, ఎంత వెనక్కి ఇస్తారు అని ఒక్క వాక్యం రాయించుకోండి.

ఇక కాగితాలు. ఒక ఫైలు, ఒక నోటుపుస్తకం, డబ్బు కదిలే ఖాతా ఒక్కటే. మామయ్య కొంత, బావగారు కొంత, తమ్ముడు కొంత చెల్లిస్తూ పోతే ఎవరికి ఎంత ముట్టిందో ఆఖరికి ఎవరికీ తెలియదు. యూపీఐలో పంపేటప్పుడు 'హాల్ అడ్వాన్స్', 'సన్నాయి మేళం' అని నోట్ రాయండి, బ్యాంకు స్టేట్‌మెంటే మీ పద్దు పుస్తకమవుతుంది. చేత్తో ఇస్తే అక్కడికక్కడే రసీదు. ఒకే వేడుక కోసం ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, విడతలుగా ఇచ్చినా సరే. తీసుకున్నవాడికే జరిమానా. 'మొత్తం క్యాష్‌గా ఇవ్వండమ్మా, తగ్గిస్తాం' అన్నప్పుడు ఈ మాట చెప్పండి. ఊరేగింపుకు, మైకుకు పోలీసు అనుమతి కాగితం కూడా ఆ ఫైల్లోనే ఉంచండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు, రాత్రి ముహూర్తమైనా డీజే పెట్టకూడదు.

బంగారం బిల్లులు విడిగా ఒక కవరులో పెట్టండి. బిల్లు మీద బరువు, ప్యూరిటీ, నగ మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉన్నాయో చూసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. కట్నం మాట వస్తే ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, అయిదేళ్ళకు తగ్గకుండా జైలు. ఇష్టంగా పెట్టే కానుకలకు మాత్రం 1985 నాటి నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, బంధుత్వం ఏమిటి అని రాసి, కింద వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి. చెల్లికి వచ్చినవాటి జాబితా చెల్లి దగ్గరే ఉండాలి. శుభమా అని పెళ్లి చేస్తూ ఈ రాతలేమిటని పెద్దవాళ్ళు నొచ్చుకోవచ్చు. నెమ్మదిగా ఒప్పించండి. స్త్రీధనం ఆమెదేనని చెప్పడానికి అంతకన్నా మంచి కాగితం లేదు.

శుభలేఖలు నాలుగు, తాళి కడుతున్న ఫొటోలు కొన్ని, ఇద్దరి వయసు, చిరునామా ఆధారాలు ఆ ఫైల్లోనే వేసి ఉంచండి. పెళ్లయ్యాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షులతో వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించడానికి అడిగేవి అవే. 2002 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.