నురగ లేని చోటే ప్రమాదం

ప్రశ్న: కెరటాలు ఒడ్డుకే కదా వస్తాయి, మరి విశాఖ ఆర్‌కే బీచ్‌లో మనుషుల్ని లోపలికి లాగేది ఏమిటి? చిక్కుకుంటే ఎలా బయటపడాలి?

జవాబు: లాగేది కెరటం కాదు, కెరటాలు తెచ్చిపోసిన నీళ్లు తిరిగి వెళ్లే ప్రవాహం. మీటరు ఎత్తు కెరటం సుమారు 1.3 మీటర్ల లోతుకు రాగానే విరుగుతుంది. ఆ తోపుడుకు ఒడ్డు దగ్గర నీటిమట్టం లేస్తుంది. రెండు మీటర్ల కెరటాలైతే 30 సెంటీమీటర్ల దాకా లేవొచ్చు. ఆ నీరు వెనక్కి పోవాలి. ఎదురుగా ఇసుక మేట మీద కెరటాలు విరుగుతూ అడ్డు తోస్తుంటాయి. మేటకు గండి పడ్డచోట లోతెక్కువ, విరిగే కెరటాలు తక్కువ. అందుకే నీరంతా ఒడ్డు వెంబడే పారి, ఆ గండిలోంచి సముద్రంలోకి దూసుకుపోతుంది. ఇదే రిప్ కరెంట్. మామూలుగా సెకనుకు అర మీటరు వేగం. ఉధృతిలో రెండు మీటర్లకు చేరుతుంది. అప్పుడు ఆరితేరిన ఈతగాళ్లకూ ఎదురీత సాగదు.

నీళ్లలో దిగేముందు ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు చూడండి. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి కాబట్టి ఒక్క చూపుకు ఏమీ తెలియదు. తెల్లటి నురగల మధ్య నురగ లేని ముదురు పట్టీ, అందులో చెత్తాచెదారం లోపలికి జారిపోవడం కనిపిస్తే అదే రిప్. నిమ్మళంగా ఉందని చాలామంది పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు, అదే బాధ. రాళ్ల పక్కన కూడా ఇలాంటి ప్రవాహాలు పుడతాయి.

రిప్ మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఒడ్డువైపు ఎదురీది అలసిపోవడం వల్లే. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యండి. సత్తువుంటే ఒడ్డుకు సమాంతరంగా, నురగ ఉన్నవైపు ఈదండి. అక్కడ కెరటాలే ఒడ్డుకు నెడతాయి. ఒకవైపు సాగకపోతే రెండోవైపు చూడండి. కాపాడేవాళ్లు ఉత్త చేతులతో దూకొద్దు. మూత బిగించిన ఖాళీ క్యాన్ అయినా సరే, తేలేది ఏదైనా విసరండి.

ప్రశ్న: అదే బీచ్‌లో ఇసుక ఎందుకు కోసుకుపోతోంది?

జవాబు: నైరుతి కాలంలో కెరటాలు ఏటవాలుగా విరిగి, ఒడ్డు వెంబడి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు అడ్డుపడ్డాయి. అక్కడ పేరుకున్నదాన్ని పోర్టు డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్‌కు పంపిస్తుంది. అది ఆగితే కోత మళ్లీ మొదలవుతుంది.