ఒక నియోజకవర్గానికి ఇద్దరు ప్రతినిధులు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ దగ్గర స్థిరపడింది. పౌరసత్వం వచ్చాక మొదటిసారి తన ఇంటికి బ్యాలెట్ పత్రం వచ్చింది. అందులో రాష్ట్ర ప్రతినిధుల సభకు తమ నియోజకవర్గం పేరు కిందే రెండు వేర్వేరు పోటీలు ఉన్నాయి. రాష్ట్ర ఎగువ సభ అయిన సెనేట్‌కు పోటీ మాత్రం లేదు. పక్క నియోజకవర్గంలో ఉండే స్నేహితురాలి బ్యాలెట్‌లో మూడూ ఉన్నాయట. ఈ తేడా ఎందుకు? ఇద్దరు ప్రతినిధులు ఉంటే నియోజకవర్గాన్ని చెరిసగం పంచుకుంటారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: పంచుకోరు. వాషింగ్టన్ రాష్ట్రంలో 49 శాసన నియోజకవర్గాలు ఉన్నాయి. ఒక్కొక్క నియోజకవర్గం ఒక సెనేటర్‌నూ, ఇద్దరు ప్రతినిధులనూ ఎన్నుకుంటుంది. అందువల్లనే అక్కడి సెనేట్‌లో 49 మంది, ప్రతినిధుల సభలో 98 మంది సభ్యులు ఉంటారు. ముగ్గురికీ సరిహద్దు ఒకటే, ఓటర్లూ వాళ్లే. 2020 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా 77,05,281 కాబట్టి ఒక్కో నియోజకవర్గంలో సుమారు 1,57,000 మంది ఉన్నట్టు లెక్క. వాళ్లందరికీ ఆ ముగ్గురూ ఉమ్మడిగా జవాబుదారులు. మీ అమ్మాయి బడి నిధుల గురించి గానీ, రాష్ట్ర రహదారి గురించి గానీ ముగ్గురిలో ఎవరికి ఉత్తరం రాసినా, అది నా భాగం కాదని తప్పించుకునే వీలు ఎవరికీ లేదు.

సెనేటర్ పోటీ కనిపించకపోవడానికి కారణం పదవీకాలాల తేడా. ప్రతినిధుల పదవీకాలం 2 సంవత్సరాలు కనుక 98 స్థానాలకూ రెండేళ్లకోసారి, సరి సంఖ్య సంవత్సరాల్లో, ఎన్నిక జరుగుతుంది. సెనేటర్ల పదవీకాలం 4 సంవత్సరాలు. సెనేట్ మొత్తం ఒక్కసారిగా మారిపోకుండా సుమారు సగం స్థానాలకు ఒక విడతలో, మిగిలిన వాటికి రెండేళ్ల తర్వాత మరో విడతలో ఎన్నిక పెడతారు. మీ అమ్మాయి నియోజకవర్గం వంతు ఈసారి రాలేదు, స్నేహితురాలిది వచ్చింది.

ఇక బ్యాలెట్‌లో కనిపించే పొజిషన్ 1, పొజిషన్ 2 అన్నవి రెండు స్థానాలకు విడివిడిగా పోటీ జరపడానికి పెట్టిన అంకెలు మాత్రమే. వాటిలో ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. నియోజకవర్గంలోని ప్రతి ఓటరూ రెండింటిలోనూ ఒక్కొక్క ఓటు వేస్తారు. అయితే అభ్యర్థులకు ఈ అంకెలు చాలా ముఖ్యం. మే నెలలో నామినేషన్ వేసేటప్పుడే తాను ఏ స్థానానికి నిలబడుతున్నదీ అభ్యర్థి చెప్పాలి; అంటే పదవిలో ఉన్న ఇద్దరిలో ఎవరిని ఢీకొనాలో కొత్తగా వచ్చేవారు ముందే తేల్చుకోవాలి. పొజిషన్ 1లో ఓడిన వ్యక్తికి, పొజిషన్ 2లో గెలిచిన వ్యక్తి కంటే ఎక్కువ ఓట్లు వచ్చినా అవి పనికి రావు.

ఆగస్టులో ప్రాథమిక ఎన్నిక, నవంబరులో తుది ఎన్నిక జరుగుతాయి. వాషింగ్టన్‌లో ప్రాథమిక ఎన్నిక పార్టీలవారీగా జరగదు. ఒక స్థానానికి నిలబడిన అందరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి, ఓటర్లంతా అదే జాబితా నుంచి ఎంచుకుంటారు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరు ఏ పార్టీ వారైనా నవంబరుకు వెళతారు. కాబట్టి తుది పోటీలో ఇద్దరూ ఒకే పార్టీ వారు కావచ్చు. సియాటిల్ నగరంలో ఇది అరుదేమీ కాదు. ఈ పద్ధతిని 2004లో ఓటర్లే ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదించారు. పార్టీలు కోర్టుకెక్కగా, 2008లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మీ అమ్మాయి ఒక చిన్న విషయం గమనించాలి. అభ్యర్థి పేరు కింద ఫలానా పార్టీని ఇష్టపడుతున్నట్టు రాసి ఉంటే, అది అభ్యర్థి తన గురించి తాను చెప్పుకున్న మాటే. ఆ పార్టీ టికెట్ ఇచ్చిందని దానికి అర్థం కాదు.

ఈ అంకెల వల్ల ఎంత విచిత్రమైన పరిస్థితి రాగలదో 2012లో సియాటిల్‌లోని 43వ నియోజకవర్గం చూపించింది. పుణేలో పుట్టిన క్షమా సావంత్ సోషలిస్టు అభ్యర్థిగా పొజిషన్ 1కు నామినేషన్ వేశారు. ప్రాథమిక ఎన్నికలో ఆ స్థానంలో ముందుకు వెళ్లే అర్హత సాధించారు. అదే సమయంలో పొజిషన్ 2 కింద ఓటర్లు ఆమె పేరును చేత్తో రాసి అక్కడ కూడా రెండో స్థానంలో నిలబెట్టారు. రెండింటికీ పోటీ చేయడం కుదరదు కనుక ఆమె పొజిషన్ 2ను ఎంచుకుని, అప్పటి సభాపతి ఫ్రాంక్ చాప్‌ను నవంబరులో ఎదుర్కొని ఓడిపోయారు.

పోలింగ్ కేంద్రం కోసం మీ అమ్మాయి వెతకనక్కర్లేదు. బ్యాలెట్ ఇంటికే వస్తుంది. నింపి, కవరు మీద సంతకం చేసి పోస్టులో వేయవచ్చు, లేదా ఎన్నిక రోజు రాత్రి 8 గంటల లోపు డ్రాప్ బాక్సులో వేయవచ్చు. సంతకాన్ని రికార్డులోని సంతకంతో పోల్చి చూస్తారు కాబట్టి అది మరవకూడదు. ఇంకో మాట. అధ్యక్షుడికీ గవర్నరుకూ ఓటు వేసి, కింది భాగాన్ని ఖాళీగా వదిలేసే ఓటర్లు అన్ని చోట్లా ఉంటారు. పిల్లల బడికి డబ్బు ఎంత ఇవ్వాలో, రాష్ట్ర పన్నులు ఎలా ఉండాలో నిర్ణయించేది ఆ కింది భాగంలో ఉన్నవారే. దయచేసి దాన్ని వదిలేయవద్దని చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి అరిజోనాలో ఉంటాడు. అక్కడా నియోజకవర్గానికి ఇద్దరు ప్రతినిధులే, కానీ పొజిషన్లు లేవు. ఇద్దరికి మించకుండా ఓటు వేయమని మాత్రమే బ్యాలెట్‌లో ఉంది. రెండూ ఒకటేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ ఫలితం మారిపోవచ్చు. అరిజోనాలో 30 నియోజకవర్గాలు, ఒక్కొక్క దానికి ఒక సెనేటర్, ఇద్దరు ప్రతినిధులు. అందరి పదవీకాలమూ 2 సంవత్సరాలే. ప్రతినిధుల స్థానాలు రెండింటికీ కలిపి ఒకే పోటీ జరుగుతుంది. ఓటరుకు రెండు ఓట్లుంటాయి, రెండూ ఒకరికే వేయకూడదు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరు గెలుస్తారు.

వంద మంది ఓటర్లను ఊహించుకోండి. 52 మంది ఒక పార్టీ వైపు, 48 మంది రెండో పార్టీ వైపు ఉన్నారు. పెద్ద పార్టీ ఇద్దరిని నిలబెట్టింది, చిన్న పార్టీ ఒక్కరినే నిలబెట్టి రెండో ఓటు వాడవద్దని తన వాళ్లకు చెప్పింది. పెద్ద పార్టీ ఓటర్లలో 10 మంది తమకు బాగా నచ్చిన మొదటి అభ్యర్థి గెలిస్తే చాలనుకుని రెండో ఓటు వదిలేశారు. అప్పుడు లెక్క 52, 48, 42గా తేలి, చిన్న పార్టీకి ఒక స్థానం దక్కుతుంది. వాషింగ్టన్‌లో రెండో స్థానానికి పోటీ వేరుగా ఉంటుంది కనుక ఓటు వదిలేసినందువల్ల మొదటి అభ్యర్థికి ఒరిగేది ఏమీ లేదు. ఆ 10 మందీ తమ పార్టీకే వేస్తే రెండు స్థానాలూ 52–48 తేడాతో ఆ పార్టీకే పోతాయి.

కాబట్టి మీ అబ్బాయి తెలుసుకోవలసింది ఇది: అతను వేసే రెండో ఓటు, తాను అందరికంటే ఎక్కువగా కోరుకున్న అభ్యర్థినే వెనక్కి నెట్టవచ్చు. ఒక్క ఓటే వేసి ఆపడం తప్పు కాదు, చట్టబద్ధమే. ఇద్దరూ సమానంగా నచ్చితే రెండూ వేయడమే మేలు. నా అభిప్రాయం అడిగితే, 48 మంది మాటకూ సభలో చోటు దొరికే అవకాశం ఇచ్చినందుకు అరిజోనా పద్ధతే నాకు నచ్చుతుంది. కానీ అది తెలిసిన ఓటరుకు ఒక బలాన్నీ, తెలియని ఓటరుకు ఇంకొక బలాన్నీ ఇస్తుందన్న బాధ కూడా నాకు ఉంది. న్యూజెర్సీలోని 40 నియోజకవర్గాలు అసెంబ్లీకి ఇద్దరేసి సభ్యులను ఈ తరహాలోనే ఎన్నుకుంటాయి. ఐడహోలోని 35 నియోజకవర్గాలు వాషింగ్టన్ లాగా రెండు స్థానాలకూ విడివిడిగా ఎన్నిక జరుపుతాయి. ఇల్లినాయిస్ ఒకప్పుడు ఇంకా ముందుకు వెళ్లింది: నియోజకవర్గానికి ముగ్గురు ప్రతినిధులు, ఓటరుకు మూడు ఓట్లు, కావాలంటే మూడూ ఒకరికే వేయవచ్చు. 1980లో రాజ్యాంగ సవరణతో దాన్ని తీసేసి, సభ్యుల సంఖ్యను 177 నుంచి 118కి తగ్గించారు.

ప్రశ్న: ఈ సరిహద్దులు గీసేది ఎవరు?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: చాలా రాష్ట్రాల్లో శాసనసభే గీస్తుంది. 1964లో అలబామా కేసులో సుప్రీంకోర్టు రెండు సభల నియోజకవర్గాలూ జనాభాలో దాదాపు సమానంగా ఉండాలని తీర్పు చెప్పింది. అందుకే పదేళ్లకోసారి, జనగణన తర్వాత, గీతలు మారతాయి. వాషింగ్టన్‌లో మాత్రం 1983 రాజ్యాంగ సవరణ ప్రకారం ఒక కమిషన్ గీస్తుంది. రెండు సభల్లోని రెండు పెద్ద పార్టీల నాయకులు నలుగురు సభ్యులను నియమిస్తారు, ఆ నలుగురూ ఓటు హక్కు లేని అధ్యక్షుణ్ణి ఎంచుకుంటారు.

2021లో గీసిన గీతల్లో యాకిమా లోయలోని 15వ నియోజకవర్గం లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఓటర్లకు సమాన అవకాశం ఇవ్వడం లేదని 2023లో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. 2024లో కొత్త పటం వచ్చింది. అందులో ఆ ఓటర్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని 14వ నియోజకవర్గంగా మార్చారు. 15కు సెనేట్ ఎన్నిక అధ్యక్ష ఎన్నిక లేని సంవత్సరంలో వస్తుంది, 14కు అధ్యక్ష ఎన్నికతో పాటే వస్తుంది. అధ్యక్ష ఎన్నికప్పుడు ఓటింగు ఎక్కువగా ఉంటుంది. మొదటి ప్రశ్నలో చెప్పిన విడతల లెక్క ఇక్కడ ఒక వర్గం ప్రజల ఓటు బలాన్నే నిర్ణయించే విషయమైంది.

ప్రశ్న: సభ్యులెవరైనా మధ్యలో రాజీనామా చేస్తే వెంటనే ఉప ఎన్నిక ఉంటుందా?
— అదే పాఠకుడు

సమాధానం: వాషింగ్టన్‌లో వెంటనే ఉండదు. ఆ సభ్యుడి పార్టీ మూడు పేర్లు పంపుతుంది, కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలక మండలి వాటిలో ఒకరిని నియమిస్తుంది. ఆ వ్యక్తి అదే నియోజకవర్గం వారై ఉండాలి. నియోజకవర్గం రెండు మూడు కౌంటీల్లో విస్తరించి ఉంటే ఆ మండళ్లన్నీ కలిసి నిర్ణయిస్తాయి. 60 రోజుల్లో తేల్చలేకపోతే ఆ పేర్ల నుంచే గవర్నరు నియమిస్తారు. అలా వచ్చినవారు తర్వాతి సాధారణ ఎన్నిక వరకే కొనసాగుతారు.