ప్లస్ సైజ్ కుట్టే బిడ్డకు: ముందు ఆ ఆది జాకెట్టు పక్కన పెట్టు

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను, ఫొటోలు కూడా చూశాను. నెట్‌లో పైసలు పెట్టి కొన్న ప్లస్ సైజ్ కుర్తీ ప్యాటర్న్‌ని, అదే కోతకు గీసిచ్చే కాగితం నమూనాని, నీ దగ్గర కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మ చెస్ట్ 45 చూసి ఆ సైజే కత్తిరించావు. భుజాలు జారిపోయాయి, మెడ వెడల్పయింది, వీపు మీద గుడ్డ మిగిలిపోయింది, ఇన్నీ అయ్యాక కూడా ముందు భాగం పట్టేసింది. "ప్యాటర్న్ దండగ అత్తమ్మా, మన పాత పద్ధతే నయం" అన్నావు. ప్యాటర్న్ బాగానే ఉంది బిడ్డా. సైజు ఎంచుకున్న తీరే బాగాలేదు. జమ్మికుంటలో షాపు పెట్టి ఒళ్లున్న ఆడవాళ్ల బట్టలే స్పెషల్‌గా కుడతానని బోర్డు రాయించుకున్నావు కాబట్టి ఈ సంగతి ఇప్పుడే తేల్చుకో, బతుకమ్మ ఆర్డర్లు మీద పడ్డాక తీరిక దొరకదు.

ఎక్కడ తేడా వస్తుందంటే, సైజు పెంచేటప్పుడు మామూలు చార్టులు అన్నీ కలిపి పెంచుతాయి. చెస్ట్ పెరిగితే మెడ, భుజం, చంక, వీపు అన్నీ దాంతోపాటే పెరుగుతాయి. మనిషి అట్ల పెరగదు కదా. ఒళ్లు వచ్చినంత మాత్రాన భుజం ఎముక సాగదు. 45 చెస్ట్ ఉన్నామె భుజం 38 చెస్ట్ ఉన్నామె భుజం కంటే అర ఇంచి ఎక్కువుంటే ఎక్కువ, ఒక్కోసారి అదీ ఉండదు. అదీగాక బయటి దేశపు పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లు చాలావరకు బి కప్పు లెక్కన గీస్తారు, అంటే చంకల కింద పైఛాతీ కొలతకూ నిండు చెస్ట్ కొలతకూ మధ్య రెండించీలే తేడా ఉంటుందని ముందే అనుకుని గీసినవి. నీ టీచరమ్మకు ఆ తేడా ఎంతుందో కొలిచావా? కొలిచి ఉండవు, మన దగ్గర కొలత పుస్తకంలో అప్పర్ చెస్ట్ గడి చాలామందికి ఖాళీగానే ఉంటుంది.

అప్పర్ చెస్ట్ కొలిచేటప్పుడు టేపు రెండు చంకల కింద నుంచి, ముందు వైపు రొమ్ముల పైనుంచి తీసుకో. వీపు మీద టేపు కిందికి జారకుండా చూడు. నిండు చెస్ట్ ఆమె ఆ డ్రెస్ లోపల వేసుకునే బ్రా మీదే తియ్యాలి, పాతదాని మీద తీసి కొత్తదాని మీద వేసుకుంటే పాయింట్, అంటే రొమ్ము మొన, ఇంచి పైకి పోతుంది. సరే, ఆమెకు అప్పర్ చెస్ట్ 40, చెస్ట్ 45 వచ్చిందనుకుందాం. అప్పుడు నువ్వు ఎంచుకోవాల్సింది 45 సైజు ప్యాటర్న్ కాదు, 42 సైజుది. అది 40 అప్పర్ చెస్ట్‌కు గీసింది కాబట్టి మెడ, భుజం, వీపు అన్నీ ఆమెకు కూర్చుంటాయి. తక్కువ పడ్డ మూడించీలు ముందు భాగంలో మాత్రమే కలపాలి. ముందు సగం ముక్కకు ఇంచిన్నర.

మనం నేర్చుకున్న "చెస్ట్ భాగించు నాలుగు" లెక్క ఇక్కడే దెబ్బ తింటుంది. 45ని నాలుగుతో భాగిస్తే పదకొండుంబావు, వీపుకూ అంతే, ముందుకూ అంతే. ఆమె ఒంటికి కావలసింది వీపు సగం పదిన్నర, ముందు సగం పన్నెండు. రెండూ కలిపితే అదే ఇరవై రెండున్నర. మొత్తం సరిపోయింది కానీ ముప్పావు ఇంచి వీపున వేలాడుతోంది, అదే ముప్పావు ముందు తక్కువైంది. నీ ఫొటోలో కనిపిస్తున్నది సరిగ్గా అదే. లూజు మార్జిన్ ఆపైన కలుపుకో.

ఇక కలపడం. పక్క కుట్టు దగ్గర ఇంచిన్నర జరిపి గీస్తే కాదు, పాయింట్ దగ్గర గుండ్రం రావాలంటే కాగితం కోసి తెరవాలి. ముందు సగం ముక్కను బ్రౌన్ పేపర్ మీద దింపుకో, అసలు ప్యాటర్న్‌ను కోయకు. ఆమె షోల్డర్ నుంచి పాయింట్ ఎంత, పాయింట్‌కు పాయింట్ ఎంత అని కొలిచి ఆ చుక్క పెట్టు. ఆ చుక్క నుంచి నిలువుగా కిందికి ఒక గీత, చుక్క నుంచి చంక గుండ్రంలో కింది మూడో వంతుకు ఒక గీత, చుక్క నుంచి పక్క కుట్టు డాట్ (గుండ్రం కోసం గుడ్డను మడిచి కుట్టే చోటు) మధ్యలోకి ఒక గీత. కింది నుంచి కత్తెర వేసి పాయింట్ దాకా వచ్చి అక్కడి నుంచి చంక వైపు తిరుగు, చంక కుట్టు గీత దగ్గర ఒక దారమంత వదిలెయ్, తెగిపోకూడదు, అది తలుపు బందు మాదిరి తిరగాలి. పక్క డాట్ గీతను కూడా పాయింట్‌కు దారమంత దూరం దాకా కొయ్యి. ఇప్పుడు పక్క ముక్కను బయటికి జరుపు. పాయింట్ దగ్గర నిలువు కోత ఇంచిన్నర తెరుచుకుని, కింది దాకా అదే ఇంచిన్నర సమానంగా ఉండాలి. జరిపేటప్పుడే పక్క డాట్ తనంతట తాను తెరుచుకుంటుంది, దాన్ని చూస్తే నీకే అర్థమవుతుంది పొడవు కూడా ఎందుకు పెరుగుతోందో. నిండు ఛాతీ మీదుగా పోయే గుడ్డకు వెడల్పొక్కటే కాదు, నిడివి కూడా కావాలి. మన దగ్గర ముందు కుర్తీ పైకి లేస్తుందని ఏడ్చేది ఈ నిడివి లేకనే. పక్క ముక్క కిందికి దిగిపోయింది కదా, మధ్య ముక్కను అడ్డంగా కోసి దానికి సమానంగా దించు. వెనక కొత్త కాగితం అతికించు, ఖాళీలన్నీ నిండిపోతాయి.

డాట్ కొసను పాయింట్ మీదికి తీసుకుపోవద్దు, నిండు ఛాతీకి ఇంచిన్నర నుంచి రెండించీల ముందే ఆపు, లేకపోతే మొన తేలుతుంది. డాట్ మరీ వెడల్పయితే రెండుగా విడగొట్టు. లేదా మొత్తాన్ని ప్రిన్సెస్ కట్‌లోకి, అంటే పాయింట్ మీదుగా కిందికి పోయే నిలువు కుట్టులోకి తిప్పెయ్, నన్నడిగితే చీర మీది జాకెట్టుకు ఇదే మంచిది, ఎంత తేడా ఉన్నా కుట్టులోకే పోతుంది. నాలుగు డాట్స్ జాకెట్టు మీద మోజు ఉన్న పెద్దవాళ్లకు గిన్నెలాంటి ముక్క వేసే కటోరీ చెప్పి చూడు. నడుము దగ్గర కూడా ఇంచిన్నర పెరిగింది కదా, ఆమెకు పొట్ట ఉంటే అలాగే వదిలెయ్, లేకపోతే కింది డాట్‌లో పట్టుకో.

అమెరికా వాళ్ల కాష్మెరెట్ కంపెనీ 2015లో మొదలైంది, వాళ్ల ప్యాటర్న్‌లలో సి నుంచి హెచ్ దాకా కప్పు సైజులకు ముందు ముక్కలు వేర్వేరుగా గీసి ఇస్తారు. అలాంటివి కొంటే ఈ కోత పని చాలావరకు తప్పుతుంది. కానీ మన పంజాబీ డ్రెస్ కోత, మన చీర జాకెట్టు అందులో దొరకవు, కాబట్టి కోయడం నేర్చుకోక తప్పదు. మన సైజుల చార్టు కోసం కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్ వాళ్లు హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల వాళ్లు 25 వేల మందిని కొలిచే సర్వే పెట్టుకున్నారు. మంచిదే. అది చేతికొచ్చినా టేపు నువ్వే పట్టాలి. ఒక్కటి పైలం, కొన్ని కంపెనీలు కుట్టు మార్జిన్ కలిపి ఇస్తాయి, అమెరికా పెద్ద కంపెనీలది 5/8 ఇంచి, బుర్దా పత్రికలో వచ్చే వాటికి మార్జిన్ అసలు ఉండదు. ముందు చదివి తర్వాత కత్తెర తియ్యి.

నెట్‌లో కొన్న ప్యాటర్న్ ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" పెడితే మొత్తం పోయినట్టే, యాక్చువల్ సైజ్, 100 శాతం అని చెప్పి, మొదటి పేజీలో టెస్ట్ చదరం ఉంటుంది కదా, దాన్ని స్కేలుతో కొలిచాకే మిగతా పేజీలు తీయమను. ఏ4 కాగితాలు అతికించే ఓపిక లేకపోతే ఇంటి ప్లాన్లు, సివిల్ డ్రాయింగులు ప్రింట్ తీసే షాపులకు పో. హన్మకొండకు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా సరే. ఏ0 సైజు ఒకే కాగితం మీద కుర్తీ ముందు ముక్క మొత్తం వస్తుంది.

ఇప్పుడు ఆది జాకెట్టు సంగతి. వచ్చినామె సంచిలోంచి పాత జాకెట్టు తీసి "ఇదే ఆది, గిట్లనే కుట్టు" అంటుంది. నువ్వు దాన్ని గుడ్డ మీద పరిచి గీసేస్తావు. అది మూడేళ్ల కింద కుట్టింది, పక్కలు విప్పేసినవి, చంక చిరిగితే ముక్క వేసినది, ఆమె దాన్ని ఎలా భరిస్తోందో ఆమెకే తెలుసు. దాని తప్పులన్నీ కొత్త గుడ్డలోకి తెస్తున్నావన్న మాట. ఆదిని మెడ లోతుకూ చేతి పొడవుకూ మాత్రమే వాడు. మిగతాది ఒంటి మీద కొలువు, ఒక్కొక్కరికీ ఒక కాగితం ప్యాటర్న్ చేసి పేరు, తారీఖు రాసి గోడకు కొక్కేనికి తగిలించు. మళ్లీ వచ్చినప్పుడు కొలతల్లో ఏం మారిందో అదొక్కటే సరిచేసుకుంటావు.

చంక. ఒళ్లున్నామె అనగానే చంక కిందికి కోసేవాళ్లే అందరూ, "ఫ్రీగా ఉంటది" అని. చంక కిందికి పోయిన కొద్దీ చెయ్యి పక్క కుట్టుకు కిందనే అతుక్కుంటుంది, ఆమె ఆర్టీసీ బస్సులో పై కడ్డీ పట్టుకోగానే కుర్తీ మొత్తం లేచి నడుము కనబడుతుంది. చంక పైనే ఉండాలి, చెయ్యి వెడల్పవ్వాలి. చేతి ప్యాటర్న్‌ను నిలువునా, కండ దగ్గర అడ్డంగా కోసి తెరువు, కొద్దిగా ఎత్తు తగ్గి వెడల్పు వస్తుంది, చంక గుండ్రం కొలత మాత్రం మారదు. చేతి చుట్టు కొలత 16 ఉంటే కుర్తీ చెయ్యి పదిహేడున్నరకు తగ్గనివ్వకు. జాకెట్టుకు ముప్పావు ఇంచి చాలు.

సీటు కొలత నిలబెట్టి ఒకసారి, కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి తీయి, తేడా చూసి నీకే ఆశ్చర్యమేస్తుంది. కుర్తీ పక్క చీలిక ఆ వెడల్పు ఉన్నచోటికి కొద్దిగా పైనే మొదలవ్వాలి. పొట్ట ఉన్నవాళ్లకు ముందు మధ్యలో పొడవు ముప్పావు ఇంచి పెంచి పక్కలకు కలిపెయ్, అంచు నేలకు సమానంగా కనబడుతుంది. సల్వార్ ఆసన్ (కాళ్ల మధ్య కుట్టు) వెనక ఎక్కువ, ముందు తక్కువ, అంతే, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నీకు తెలుసు.

గుడ్డ ముందే లెక్క చెప్పు. సీటు 58 ఉన్నామెకు 44 పన్నా గుడ్డలో వెడల్పున ఒక ముందు ముక్కే వస్తుంది, పక్కన మిగిలిన పది ఇంచీల్లో చెయ్యి రాదు. 44 పొడవు కుర్తీకి మూడు మీటర్లు తెమ్మని చెప్పు, రెండున్నర తెచ్చాక చేతుల దగ్గర కొట్లాట పెట్టుకోకు. చీరలో వచ్చే బ్లౌజ్ పీసు చాలావరకు 80 సెంటీమీటర్లే ఉంటుంది, మోచేతి దాకా చేతులు కావాలంటే చాలదు. అప్పుడు పీసును ముందుకూ చేతులకూ వాడి, పైట కింద దాగే పక్క ప్యానెల్‌కు మ్యాచింగ్ గుడ్డ వెయ్యి, ఆమెకు ముందే చెప్పు. పెద్ద ఇక్కత్ పువ్వు ఉంటే ప్రిన్సెస్ కట్ వద్దు, పువ్వు రెండు ముక్కలవుతుంది, పక్క డాట్‌తో పోనివ్వు. లావుగా ఉన్నవాళ్లు నల్లరంగే వేసుకోవాలి, పెద్ద డిజైన్ వద్దు అనే మాటలు నీ షాపులో వినబడొద్దు. పువ్వు సరిగ్గా పాయింట్ మీద పడకుండా చూసుకో చాలు, మిగతాది ఆమె ఇష్టం.

మొదటిసారి వచ్చిన ప్రతి ఒక్కరికీ కోరా గుడ్డతోనో పాత దుప్పటితోనో ట్రయల్ కుట్టు. అద్దం ముందు నిటారుగా నిలబెట్టి "బాగుంది" అనిపించుకుని పంపకు. బతుకమ్మ ఆడినట్టు ముందుకు వంగి చప్పట్లు కొట్టమను, గుండ్రంగా ఒక చుట్టు తిరగమను. వీపు పట్టేస్తే, హుక్కుల దగ్గర నోరు తెరుచుకుంటే, చెయ్యి పైకి లాగితే అక్కడే తెలిసిపోతుంది. నిలబడ్డప్పుడు మాత్రమే బాగుండే జాకెట్టు మన పండక్కి పనికిరాదు. లోపల పక్కల్లో ఇంచిన్నర గుడ్డ వదులు, కాన్పులు, థైరాయిడ్ గోళీలు, ఏడాదికి ఒకలా ఉంటారు ఆడవాళ్లు.

ఇంకొకటి, మామూలు ఇంచీటేపు 60 దగ్గర అయిపోతుంది. 62 సీటు ఉన్నామె ముందు నువ్వు టేపు అందక రెండో చెయ్యి వెతుక్కుంటుంటే ఆమె మళ్లీ నీ గడప తొక్కదు. 120 ఇంచీల టేపులు దొరుకుతాయి, రెండు తెచ్చిపెట్టుకో. కొలత పైకి చదవకు, పక్కన ఇంకెవరో కూర్చుని ఉంటారు, చూసి నువ్వే రాసుకో. పరదా వేసిన మూల ఒకటి పెట్టు. "అక్కా, జర తగ్గరాదు" అని నవ్వులాటకు కూడా అనొద్దు, ఆ మాట ఇంట్లో, బడిలో, పెళ్లిళ్లలో అందరూ అంటూనే ఉన్నారు, నీకు పైసలిచ్చి మరీ వినాల్సిన ఖర్మ ఏముంది.

రేటు అడిగావు. గుడ్డ, లైనింగ్ ఎక్కువ పడితే ఆ ఖర్చు తీసుకో. సైజు పెద్దదని కుట్టుకూలి డబుల్ అడగడం నాకు నచ్చదు, కుట్టు పొడవు ఎంత పెరిగిందని? ప్యాటర్న్ తయారీకి మాత్రం మొదటిసారి వేరేగా తీసుకో, కాగితం ఆమె పేరు మీద ఉంటుందని చెప్పి తీసుకో, ఎవరూ కాదనరు. వరంగల్ చౌరస్తాలో పాత మాస్టర్లు ఎంత తీసుకుంటున్నారో నేను కనుక్కుని చెప్తాను.

టీచరమ్మ కుర్తీని విప్పి కూర్చోకు, భుజాలు అట్ల కోసేశాక అది సరికాదు, ఆ గుడ్డ చేతులకో పిల్లల గౌనుకో పనికొస్తుంది. ఆమెను మళ్లీ పిలిచి అప్పర్ చెస్ట్ కొలువు, 42 ప్యాటర్న్ దింపి ఇంచిన్నర తెరువు, కోరా గుడ్డ మీద కుట్టి ముందు, పక్క, వీపు మూడు ఫొటోలు పంపు. తల కనబడకుండా తియ్యి, ఆమెను అడిగే తియ్యి. చంక దగ్గర ముడత ఏ దిక్కు లాగుతోందో చూస్తే మిగతాది ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ అత్తమ్మ, హన్మకొండ